బ్యాటరీ తీసినా పోని పాస్‌వర్డ్

మా పిన్ని కొడుకు ఒక పాత డెల్ ఆప్టిప్లెక్స్ డెస్క్‌టాప్ కొన్నాడు. ఏదో ఆఫీసు ఖాళీ చేస్తూ గంపగుత్తగా అమ్మేసిన యంత్రాల్లో అదొకటి. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ ఎక్కించుకుందామని ఎఫ్2 నొక్కితే సెటప్ తెర, అంటే యంత్రం అమరికలు మార్చుకునే చోటు, వచ్చింది గాని, ఒక్క అంశాన్నీ మార్చనివ్వకుండా అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. "అన్నయ్యా, బోర్డు మీది బ్యాటరీ సెల్ తీసి రాత్రంతా పక్కన పెట్టాను. తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తోంది, పాస్‌వర్డ్ మాత్రం అలాగే ఉంది" అని ఫోన్ చేశాడు. విషయమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. గడియారం పోయి పాస్‌వర్డ్ మిగిలిందంటే ఆ రెండూ ఒకచోట నిల్వ ఉండటం లేదన్న మాట.

సెల్ తీస్తే అన్నీ చెరిగిపోతాయన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. 1984లో ఐబీఎం తెచ్చిన పీసీ ఏటీలో మోటరోలా వారి 146818 అనే గడియారపు చిప్ ఉండేది. అందులో ఉన్న జ్ఞాపకం మొత్తం 64 బైట్లు. గడియారానికీ దాని నియంత్రణకూ 14 పోగా మిగిలిన 50 బైట్లలోనే ఫ్లాపీ రకం, హార్డ్ డిస్క్ రకం, మెమరీ పరిమాణం వంటి వివరాలు రాసి ఉంచేవారు. కరెంటు లేనప్పుడు ఆ చిప్‌ను బతికించేది బ్యాటరీయే. తర్వాతి కాలపు బోర్డుల్లో సెటప్ పాస్‌వర్డ్ కూడా చాలావరకు ఈ జ్ఞాపకంలోనే ఉండేది కాబట్టి, బ్యాటరీ తీస్తే అదీ పోయేది. ఆ జ్ఞాపకాన్నే మనం నేటికీ సీమాస్ అని పిలుస్తున్నాం. బ్యాటరీ తీయగానే మొదటి ఫ్యాక్టరీ సెట్టింగులు వాటంతటవే తిరిగి వస్తాయని చాలామంది అనుకుంటారు గాని, నిజానికి జరిగేది అది కాదు. యంత్రం మొదలైనప్పుడు బయోస్, అంటే దాన్ని లేపే బోర్డులోని ప్రోగ్రాము, ఆ బైట్లను కూడి, ముందే రాసిపెట్టుకున్న మొత్తంతో సరిపోల్చుకుంటుంది; లెక్క తప్పితే సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అని తెరమీద చూపించి, తనలోనే ఉన్న డిఫాల్ట్ విలువలను అక్కడ నింపుతుంది.

ఇప్పటి బోర్డుల్లో సెట్టింగులు చాలావరకు ఫర్మ్‌వేర్, అంటే బయోస్ లాంటి ఆ బోర్డు ప్రోగ్రాము, ఉండే ఫ్లాష్ చిప్‌లోనే ఉంటాయి. బోర్డు మీద ఎనిమిది కాళ్లతో కనిపించే ఆ చిన్న చిప్‌కు రాసినది నిలుపుకోవడానికి విద్యుత్తు అక్కరలేదు. సీఆర్2032 సెల్, అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆ 3 వోల్టుల బిళ్ల, ముఖ్యంగా గడియారాన్ని నడపడానికే మిగిలింది. మరి సీమాస్ చెరిపే జంపర్, అంటే బోర్డు మీది పిన్నులను కలిపే చిన్న క్యాప్, ఏం చేస్తుంది? సాధారణంగా అది చిప్‌సెట్‌లోని గడియారపు రీసెట్ తీగను గ్రౌండుకు కలుపుతుంది. గడియారానికి విద్యుత్తు తెగిందన్న గుర్తు చిప్‌సెట్‌లో పడుతుంది. తర్వాత యంత్రం లేచినప్పుడు ఫర్మ్‌వేర్ ఆ గుర్తును చూసి డిఫాల్ట్ విలువలు తెచ్చుకుంటుంది. పాస్‌వర్డ్‌ను కూడా వాటితోపాటు తుడిచేయాలా, వదిలేయాలా అన్నది ఆ ఫర్మ్‌వేర్ రాసినవారి నిర్ణయం. అందుకే ఒక బోర్డు మీద పనిచేసిన చిట్కా మరో బోర్డు మీద పనిచేయదు.

డెల్ ఆఫీసు యంత్రాల్లో ఈ రెండు పనులకూ రెండు వేర్వేరు పిన్నుల జంటలు ఉంటాయి: సెట్టింగులకు ఆర్‌టీసీఆర్‌ఎస్‌టీ, పాస్‌వర్డ్‌కు పీఎస్‌డబ్ల్యూడీ అని బోర్డు మీదే అచ్చువేసి ఉంటుంది. మాకు కావలసింది రెండోది. ఆదివారం వాడింటికి వెళ్లి, పవర్ తీగ ఊడదీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకొని, పక్క తలుపు తెరిచాం. తీగ పీకడం చాదస్తం కాదు. ఎస్ఎంపీఎస్‌కు, అంటే కంప్యూటర్‌కు విద్యుత్తు అందించే పెట్టెకు, కరెంటు అందుతున్నంతసేపూ కంప్యూటర్ ఆపేసి ఉన్నా 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా బోర్డుకు వస్తూనే ఉంటుంది. సెల్ తీసినా గడియారం ఆగకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. చేతిలోని స్థిర విద్యుత్తు పోవడానికి క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకి, టార్చి వేసి వెతికితే, కేబుళ్ల కట్ట కింద దాక్కున్న ఆ రెండు పిన్నులు కనిపించాయి. వాటి మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లు. వాటిని కలుపుతూ గోరులో సగం కూడా లేని ప్లాస్టిక్ క్యాప్, దాని లోపల చిన్న లోహపు పట్టీ. వేళ్లకు దొరకకపోతే చిన్న పట్టకారుతో నిటారుగా పైకి లాగాలి. అటూ ఇటూ ఊపితే పిన్ను వంగుతుంది.

మా వాడు క్యాప్ తీసి, పది లెక్కపెట్టి, తిరిగి పెట్టేసి, కంప్యూటర్ ఆన్ చేశాడు. పాస్‌వర్డ్ అలాగే ఉంది! సీమాస్ జంపర్‌కు చేయవలసినది పాస్‌వర్డ్ జంపర్‌కు చేశాడు. ఈ పిన్నులు రీసెట్ తీగ కావు, ఫర్మ్‌వేర్ చదివే ఒక సంకేతం మాత్రమే. క్యాప్ లేని స్థితిలో యంత్రం ఒకసారి పూర్తిగా లేస్తే తప్ప పాస్‌వర్డ్ చెరగదు. మళ్లీ క్యాప్ తీసి, తీగ పెట్టి, హార్డ్ డిస్క్‌లోని పాత విండోస్ తెరుచుకునేదాకా ఆగి, అప్పుడు ఆపాం. ఈసారి సెటప్ ఏమీ అడగలేదు.

విడిగా కొనే బోర్డుల్లో పద్ధతి ఇంకోలా ఉంటుంది. ఏసుస్ పాత బోర్డుల్లో సీఎల్ఆర్‌టీసీ అనే మూడు పిన్నుల జంపర్ ఉంటుంది. మామూలుగా క్యాప్ 1, 2 మీద ఉంటుంది, 2, 3 మీదికి మార్చి ఐదు నుంచి పది సెకన్లు ఉంచి వెనక్కి తేవాలి. ఎమ్మెస్సైలో దాని పేరు జేబ్యాట్1. గిగాబైట్ బోర్డుల్లో క్యాప్ లేని రెండు పిన్నులే ఉంటాయి, వాటిని స్క్రూడ్రైవర్ మొనతో తాకిస్తే చాలు. ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. థింక్‌ప్యాడ్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మరిచిపోతే సిస్టమ్ బోర్డే మార్చాలని లెనోవో సూటిగా చెబుతుంది. అక్కడ జంపర్ కోసం వెతకడం వృథా శ్రమ.

సెట్టింగులు చెరిపేవారు ముందుగా సెటప్ పేజీలను ఫోనులో ఫొటోలు తీసుకోవడం మంచిది. డిస్క్‌తో బోర్డు మాట్లాడే తీరును చెప్పే శాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కు మారిపోతే విండోస్ నీలితెర మీద ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని నిలిచిపోతుంది; డిస్క్ చెడిపోయిందనుకొని ఫార్మాట్ చేసినవారిని నేనెరుగుదును. డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఉన్న యంత్రమైతే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు, అది ముందే చేతిలో ఉండాలి. తేదీ సరిచేయకపోతే బ్రౌజర్ ప్రతి సైటుకూ సర్టిఫికెట్ చెల్లదని గోల పెడుతుంది.

క్యాబినెట్ తెరవగలిగిన ఎవరికైనా ఈ పాస్‌వర్డ్ ఐదు నిమిషాల పని. అందుకే ఆ డెల్ పెట్టెల వెనక తాళంకప్ప వేసుకోవడానికి ఒక రింగు ఉంటుంది. ఆఫీసులవాళ్లు పాస్‌వర్డ్ శ్రద్ధగా పెట్టి, ఆ రింగును ఖాళీగా వదిలేస్తారు. మా వాడి పెట్టెకూ తాళం లేకపోవడం మా అదృష్టం.

క్యాప్ లేకుండా వదిలేస్తే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుండదని చెబితే, "నాకెందుకన్నయ్యా పాస్‌వర్డ్" అన్నాడు వాడు. అయినా ఎప్పుడైనా కావలసి వస్తుందేమోనని, పోగొట్టుకోకుండా ఆ క్యాప్‌ను ఒక్క పిన్నుకే తొడిగి పక్కకు వేలాడేలా ఉంచి తలుపు మూశాం.