పెద్దమ్మ పెట్టెలో ఇత్తడి నక్షత్రం

"చింతపండు పెట్టకండి పెద్దమ్మా, ఒక్క క్షణం ఆగండి!" అంటూ ఆవిడ చేతిలోంచి ఆ ఇత్తడి నక్షత్రాన్ని తీసుకున్నాను. పండక్కి ముందు ఇత్తడి సామానంతా తోముతూ, తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిన దాన్ని కూడా ఆ వరసలోనే పెట్టేశారు.

కిటికీ దగ్గర వెలుగులో చూశాను. మధ్యలో మూడు బుల్లి కిరీటాలు, చుట్టూ అరిగిపోయిన లాటిన్ అక్షరాలు. బ్రిటిష్ వాళ్ల బాత్ నక్షత్రం! అంటే 'ఆర్డర్ ఆఫ్ ద బాత్' అనే బిరుదు చిహ్నం నుంచి తీసుకున్న, సైనికాధికారుల భుజం మీది హోదా గుర్తు. 1950లో గణతంత్రం వచ్చాక మన సైన్యం హోదా గుర్తుల్లో కిరీటం బదులు అశోకుని సింహాలను, ఈ నక్షత్రం బదులు అయిదు కోణాల నక్షత్రాన్ని పెట్టుకుంది. అంటే తాతగారు దీన్ని భుజాన పెట్టుకున్నది అంతకు ముందే.

వెనక్కి తిప్పితే ఇంకా సంతోషం. యంత్రంతో అచ్చు గుద్దినదైతే వెనకవైపు నున్నగా ఉంటుంది. ఇది గరుకుగా, ఇసుక రేణువుల గుర్తులతో ఉంది. ఇసుక అచ్చులో పోత పోసిన బజారు పని. ఇంగ్లండులో కాదు, ఇక్కడి కంచరి ఎవరో చేసినదే అనిపిస్తోంది. నాకు మాత్రం అందుకే ఇది మరింత విలువైనది.

హోదా ఏమిటని పెద్దమ్మ అడిగారు. ఒక్క నక్షత్రంతో చెప్పలేం. అప్పటి సైన్యంలో జమేదారుకు ఒకటి, సుబేదారుకు రెండు, కెప్టెనుకు మూడు ఉండేవి. మిగిలినవి పోయి ఉండవచ్చు. తాతగారి డిశ్చార్జి కాగితాలు దొరికితేనే తేలుతుంది.

మన విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో సైన్యానికి వెళ్లినవాళ్లున్న ఇళ్లు ఎన్నో. మీ పెట్టెల్లో ఇలాంటివి ఉంటే దయచేసి తోమకండి, వాటి మీది అక్షరాలూ గుర్తులే వాటి వయసు చెప్పేవి. ముందూ వెనకా ఫోటో తీసి, అవి ఎవరివో పెద్దవాళ్లను ఇప్పుడే అడిగి రాసి పెట్టండి.