మూడు కొండల ఊళ్లో ఒక జెర్సీ తగువు

మహిళల ప్రపంచకప్‌లో భారత్, దక్షిణాఫ్రికా జట్లు 2025 అక్టోబరు 9న విశాఖపట్నంలో తలపడతాయని తెలిసి, రాజమండ్రి నుంచి ముందు రోజే రత్నాచల్ ఎక్కాను. ఆ ప్రయాణంతో మరో పని కూడా ముడిపడింది. వన్‌టౌన్‌లో కుర్రాళ్ల వాలీబాల్ జట్టును తీర్చిదిద్దుతున్న నా పాత మిత్రుడు, పదవీ విరమణ చేసిన పీఈటీ మాస్టారు, వారం ముందే ఫోన్ చేసి, "మీరు ఆటల గురించి రాస్తుంటారు కదా, ఒక తగువు వచ్చిపడింది, వచ్చి చూడండి" అన్నారు.

స్టేషన్ నుంచి ఆటోలో కురుపాం మార్కెట్ రద్దీ దాటి ఆయన ఇంటికి చేరేసరికి తగువుకు కారణమైన జెర్సీ కుర్చీ వీపుకు తగిలించి ఉంది. నీలం రంగు బట్ట, వెనుక తెల్ల అంకె, కుడి చేతి అంచున రెండు వేళ్ల వెడల్పున ఇంద్రధనుస్సు రంగుల పట్టీ. తిరగేసి చూస్తే లోపలి దారాలు ఇంకా కత్తిరించలేదు, ఇది నమూనా మాత్రమే. రుషికొండ ఐటీ హిల్స్‌లో ఆఫీసున్న ఒక కంపెనీ జెర్సీలు, నెట్టు, టోర్నమెంటు ఖర్చు అన్నీ భరిస్తానంది. స్వలింగ ప్రేమికులకు, ట్రాన్స్‌జెండర్లకు సంఘీభావంగా ఆ పట్టీ మాత్రం ఉండాలంది. జట్టులో క్రైస్తవ కుటుంబానికి చెందిన ఒక కుర్రాడు, ముస్లిం కుటుంబానికి చెందిన మరొకడు వచ్చి, "ఆడతాం మాస్టారూ, ఆ పట్టీ మాత్రం వేసుకోలేం" అన్నారట.

సాయంత్రం చల్లబడ్డాక ఇద్దరం రాస్ హిల్ మెట్లెక్కాం. పైన మేరీమాత చర్చి, పక్క కొండ మీద దర్గా, ఆ పక్క కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి, కింద ఓడలు హార్బరులోకి వచ్చే కాలువ, దానికి అవతల డాల్ఫిన్స్ నోస్. ఊరికి వచ్చిన ప్రతివారికీ ఈ మూడు కొండలను మతసామరస్యానికి గుర్తుగా చూపిస్తారు. నిజమే కాని, ఆ సామరస్యంలో ఎవరి కొండ మీద వారున్నారు, ఒకరి గుర్తును మరొకరు ఒంటి మీద వేసుకోవాలని ఎవరూ అడగలేదు. మాస్టారి ఇబ్బంది సరిగ్గా అక్కడే ఉంది. జట్టుకు ఉండేది ఒకటే కొండ, ఒకటే చొక్కా.

ఆ మెట్ల మీద కూర్చునే నాకు తెలిసిన సంగతులు చెప్పాను. 2022 జూలైలో ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌లో మ్యాన్లీ క్లబ్ ఇంద్రధనుస్సు చారల జెర్సీని విడుదల చేసినప్పుడు, ఆటగాళ్లను ముందుగా ఒక్క మాట అడగలేదు. మత విశ్వాసాల వల్ల ఏడుగురు ఆ మ్యాచ్‌కు దూరంగా ఉండిపోయారు, కోచ్ డెస్ హాస్లర్ విలేకరుల ముందు క్షమాపణ చెప్పాడు, రూస్టర్స్ చేతిలో జట్టు 10-20 స్కోరుతో ఓడింది. ఆ మ్యాచ్ జరిగిన మైదానానికి ఒక బీరు కంపెనీ పేరుండేది. దానికి ఎవరి విశ్వాసమూ అడ్డుపడలేదు. విమర్శకులు ఎత్తిచూపిన ఈ వైరుధ్యాన్ని నేనూ కొట్టిపారేయలేను. అదే క్లబ్‌కు ఆడిన ఇయాన్ రాబర్ట్స్ 1995లోనే తాను స్వలింగ ప్రేమికుడినని బాహాటంగా ప్రకటించాడన్నది అంతకంటే ముఖ్యం. ఆ జెర్సీ ఎవరి గౌరవార్థమో వెతుక్కోవలసిన పని లేదు.

అమెరికా ఐస్ హాకీ లీగులో 2023 జనవరిలో ఫిలడెల్ఫియా ఆటగాడు ఇవాన్ ప్రొవొరొవ్ తన రష్యన్ ఆర్థడాక్స్ విశ్వాసాన్ని కారణంగా చెప్పి, ఇంద్రధనుస్సు రంగుల ప్రైడ్ జెర్సీ వేసుకోవలసిన వార్మప్‌కు మాత్రం రాకుండా, అసలు మ్యాచ్ ఆడాడు. మార్చిలో గోల్‌కీపర్ జేమ్స్ రైమర్, స్టాల్ సోదరులు అదే దారి పట్టారు. ఫ్రాన్స్‌లో పారిస్ ఫుట్‌బాల్ జట్టుకు ఆడిన సెనెగల్ ఆటగాడు ఇద్రిస్సా గెయే 2022 మేలో ఏకంగా మ్యాచ్‌కే దూరంగా ఉండిపోతే, సొంత దేశపు అధ్యక్షుడు మాకీ సాల్ అతన్ని వెనకేసుకొచ్చాడు.

మాస్టారికి వీటన్నిటికంటే నచ్చింది 2024 డిసెంబరు 3న ఇంగ్లండులో జరిగిన ఇప్స్‌విచ్, క్రిస్టల్ ప్యాలెస్ ఫుట్‌బాల్ మ్యాచ్. ఇద్దరు కెప్టెన్లలో ఇప్స్‌విచ్ తరఫు సామ్ మోర్సీ ముస్లిం. ఆయన ఇంద్రధనుస్సు రంగుల చేతి పట్టీ వద్దని మామూలు పట్టీ కట్టుకున్నాడు. ప్యాలెస్ కెప్టెన్ మార్క్ గేహి క్రైస్తవ బోధకుడి కొడుకు. ఆయన పట్టీ కట్టుకొని, దాని మీద యేసు మిమ్మల్ని ప్రేమిస్తున్నాడని రాశాడు. దుస్తుల మీద మతపరమైన రాతలు కూడదని ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం గుర్తుచేసింది కాని, శిక్షేమీ వేయలేదు. తాను కూడా ఆదివారం చర్చి మానని మనిషి కాబట్టేమో, మాస్టారు గేహిని మెచ్చుకున్నారు. నాకు మోర్సీ పద్ధతే నిజాయతీగా కనిపించింది. ఒకరు ఇచ్చిన పట్టీ మీద మన మాట రాయడం కంటే, వద్దని మర్యాదగా తిరిగి ఇవ్వడం మేలు.

మన దేశంలో ఇలాంటి తీర్పు లేదా అని ఆయన అడిగారు. ఉంది, అందులోనూ రాసింది మన తెలుగాయనే. కేరళలో యెహోవా సాక్షుల శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు లేచి మౌనంగా నిలబడేవారు కాని, పాడేవారు కారు. బడి నుంచి తీసేస్తే సుప్రీంకోర్టు వారి పక్షాన నిలిచింది. 1986 ఆగస్టులో వెలువడిన ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, మన సంప్రదాయం, తత్వం, రాజ్యాంగం మూడూ సహనాన్నే చెబుతున్నాయని, దాన్ని పలచబరచవద్దని ముగించారు. ఆ పిల్లలు గీతాన్ని అవమానించలేదు, తోటివారిని పాడనివ్వకుండా అడ్డుకోలేదు. వారికి రక్షణ దొరకడంలో ఆ ప్రవర్తనకు పెద్ద పాత్రే ఉంది. అయితే అది ప్రభుత్వానికి, పౌరుడికి మధ్య వ్యవహారం. జీతమిచ్చే క్లబ్, ఒప్పందం మీద సంతకం పెట్టిన ఆటగాడు అన్నచోట లెక్క అంత సూటిగా తేలదు.

చీకటి పడ్డాక ఆర్కే బీచ్‌కు వెళ్లి, కురుసుర జలాంతర్గామి ఎదురుగా గట్టు మీద ముంత మసాలా పొట్లాలు పట్టుకొని కూర్చున్నాం. హషీమ్ ఆమ్లా దక్షిణాఫ్రికా చొక్కా మీద బీరు కంపెనీ గుర్తు లేకుండానే ఏళ్ల తరబడి ఆడాడు, ఎవరి కొంపా మునగలేదు, మన కుర్రాళ్లకూ ఆ వెసులుబాటు ఇస్తే సరిపోతుంది కదా అన్నాను. మాస్టారు కాసేపు తినడం ఆపారు.

"బీరు సీసాకు మనసు నొచ్చుకోదండీ. మన జట్టులోనే ఒకడున్నాడు. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు, పేరు నన్ను అడక్కండి. ఇష్టమున్నవాళ్లే పట్టీ వేసుకోండని నేనంటే, వాడు వేసుకోవాలా, మానాలా? వేసుకుంటే అందరి కళ్లూ వాడి మీదే. మానితే ఆ ఇద్దరి పక్కన చేరినట్టు. ఏటి చెయ్యమంటారు?"

అంతవరకు నేను తేలికగా చెబుతున్న పరిష్కారంలో ఈ సంగతి లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ కింద స్వలింగ సంబంధాలకు ఉన్న నేరం ముద్రను తొలగించింది. 2019లో ఒడిశా స్ప్రింటర్ ద్యుతీ చంద్ తాను మరో యువతిని ప్రేమిస్తున్నానని ప్రకటించింది, ఆమె ఇంట్లోనే పెద్ద వ్యతిరేకత ఎదురైంది. చట్టం మారినా, వన్‌టౌన్ వీధిలో పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఎంతవరకు నోరు విప్పగలడన్నది వేరే సంగతి.

మరునాడు పీఎంపాలెం స్టేడియంలో మ్యాచ్ చూశాం. రిచా ఘోష్ 94 పరుగులు చేసి భారత్‌ను 251కి చేర్చింది. నాడీన్ డి క్లెర్క్ 84 పరుగులతో అజేయంగా నిలిచి, మన చేతిలోని మ్యాచ్‌ను లాగేసుకుంది. దక్షిణాఫ్రికా మూడు వికెట్ల తేడాతో నెగ్గింది. వారి ఆల్‌రౌండర్ మారిజాన్ కాప్ తన జట్టు మాజీ కెప్టెన్ డేన్ వాన్ నీకెర్క్‌ను 2018లో పెళ్లాడింది. ఈ సంగతి చెప్పినప్పుడు మాస్టారు, "ఆమె ఒంటి మీద ఏ పట్టీ లేదే" అన్నారు. లేదు. మా ముందు వరుసలో కూర్చున్న కాలేజీ పిల్లలకు కాప్ బౌలింగ్ గురించిన దిగులు తప్ప మరే దిగులూ లేదు.

రాత్రి ఇంటికి వచ్చాక అమెరికా హాకీ కథ మిగతా భాగం చెప్పాను. కొద్దిమంది కాదన్నందుకు 2023 జూన్‌లో లీగ్ పెద్దలు వార్మప్‌లో ప్రత్యేక జెర్సీలన్నిటినీ ఎత్తేశారు. అక్టోబరులో హాకీ కర్రలకు చుట్టే ఇంద్రధనుస్సు టేపును కూడా నిషేధించారు. ట్రావిస్ డెర్మట్ అనే ఆటగాడు నిషేధాన్ని లెక్కచేయకుండా ఆ టేపుతో ఆడిన కొద్ది రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. కాదనే హక్కు ఉన్నప్పుడు ఔననే హక్కును కొట్టేయడం అన్యాయమన్నది నా పక్షం.

మాస్టారు కంపెనీకి ఉత్తరం రాశారు. జెర్సీలకు పట్టీ వద్దు. వాలీబాల్ కోర్టు పక్కన కంపెనీ తన పేరుతో ఇంద్రధనుస్సు బ్యానర్ కట్టుకోవచ్చు. మతం పేరు చెప్పి గాని, మరే పేరు చెప్పి గాని తోటి ఆటగాడిని ఎగతాళి చేసినవాడు ఆ టోర్నమెంటు ఆడడు. ఈ చివరి నియమాన్ని ఆయన ఆ ఇద్దరు కుర్రాళ్ల చేత చదివించి, సంతకం పెట్టించారు. ఇష్టమున్నవారు చేతికి సొంత పట్టీ కట్టుకోవచ్చన్న వాక్యం కూడా చేర్చమని నేను పట్టుబట్టాను. ఆయన చేర్చలేదు. ఆ మూడో కుర్రాడిని దృష్టిలో పెట్టుకొనే చేర్చలేదని నాకు తెలుసు కాని, పట్టీ కట్టుకోవాలని నిజంగానే అనుకునేవాడు నాలుగోవాడు ఉంటే అతని సంగతేమిటని రైలు ఎక్కేదాకా ఆయనతో వాదిస్తూనే ఉన్నాను.