లక్ష్మా గౌడ్ ప్రింటును దగ్గరగా చూస్తే

బరోడాలో ప్రింట్‌మేకింగ్ నేర్చిన తెలంగాణ చిత్రకారుడు లక్ష్మా గౌడ్‌ను నలుపు-తెలుపు ఎచింగుల నుంచే చూడడం మొదలుపెట్టాలి. ఎచింగ్ అంటే లోహపు రేకు మీద గీతను ఆమ్లంతో కొరికించి, సిరా నింపి, కాగితం మీద అచ్చు తీయడం. మేకలు, చెట్లు, మనుషులు ఒకదాంట్లోంచి ఒకటి మొలుచుకొచ్చే ఆ గీతే తర్వాతి టెర్రకోటకూ, కంచుకూ వెన్నెముక. రంగులకు మురిసిపోయి గీతను వదిలేయకండి, అసలు అందం అక్కడే ఉంది.

గ్యాలరీలో ప్రింటును ఏటవాలు వెలుతురులో చూడండి. రేకు అంచు కాగితంలోకి నొక్కుకుపోయిన గుర్తు కనిపించాలి. అదొక్కటే చాలదు, దాన్నీ నకలు చేయొచ్చు. భూతద్దంలో ఎచింగ్ గీత కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. వరసగా రంగు చుక్కలు కనిపిస్తే అది ఆఫ్‌సెట్ ప్రతి, అంటే యంత్రం మీద అచ్చేసిన నకలు. కింద పెన్సిల్‌తో 7/25 అని ఉంటే 25 ప్రతుల్లో 7వది.

ఫ్రేము కట్టించేటప్పుడు ఆమ్లం లేని మౌంట్ బోర్డు, అంటే ప్రింటుకూ అద్దానికీ మధ్య ఎడం ఉంచే అట్ట, అడగండి. అద్దం కాగితానికి తగిలితే వానాకాలం తేమకు అతుక్కుపోతుంది, బూజూ పడుతుంది.