ఆరు నోడ్లూ ఒకటేనా? ఇంటి క్లస్టర్ పని ఇక్కడిదాకా వచ్చింది

ఇంట్లో ఆరు కంప్యూటర్లను కలిపి ఒకే యంత్రంలా లెక్కలు చేయించే క్లస్టర్ ఇది; అందులో ఒక్కో కంప్యూటర్ ఒక నోడ్. ఆరింటిలో సాఫ్ట్‌వేర్, సెట్టింగులు ఒకటేనా అని చూసే స్క్రిప్టు కథ చెబుతాను. ముందు సరంజామా చెప్పేస్తాను. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో దొరికే రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్‌లు ఆరు: ఆరోతరం ఐ5, నాలుగు కోర్లు, 16 జీబీ ర్యామ్, మధ్యలో ఒక గిగాబిట్ స్విచ్. అన్నింటిలో డెబియన్ 12 లినక్స్, పనులను నోడ్లకు పంచే స్లర్మ్ 22.05, నోడ్ల మధ్య సందేశాలు నడిపే ఓపెన్ ఎంపీఐ 4.1. హెడ్ నోడ్ పేరు గోదావరి. మిగతావి కృష్ణ, పెన్న, తుంగభద్ర, వంశధార, నాగావళి. హెడ్ నోడ్ కూడా లెక్కలు చేస్తుంది, ఇంట్లో ఖాళీగా కూర్చోబెట్టేంత దర్జా లేదు.

నాగావళి చివరగా చేరింది. అది చేరిన రోజు నుంచే, పెద్ద సమీకరణాల లెక్కతో క్లస్టర్ వేగం కొలిచే హెచ్‌పీఎల్ పరీక్షలో స్పీడు పడిపోయింది. ఐదు నోడ్ల మీద 4×5 గ్రిడ్‌తో (కోర్‌కి ఒకటి చొప్పున 20 ప్రాసెస్‌లు) వచ్చిన గిగాఫ్లాప్స్ (సెకనుకు ఎన్ని వందకోట్ల లెక్కలో) కంటే ఆరింటి మీద 4×6తో తక్కువ వస్తోంది. హెచ్‌పీఎల్‌లో ప్రతి అడుగులోనూ అందరూ అందరి కోసం ఆగాలి కాబట్టి, ఒక్క నోడ్ నెమ్మదిస్తే మిగతా ఐదూ దాని నడకే నడుస్తాయి. టాప్ అనే కమాండ్‌లో చూస్తే మాత్రం అన్ని నోడ్లూ వంద శాతం బిజీ. ఎంపీఐ ఎదురుచూపులు కూడా సీపీయూని తినేస్తాయి కాబట్టి ఆ వంద శాతాన్ని నమ్మడానికి లేదు.

ఏ నోడ్‌లో ఏముందో ఒక్కోదానిలోకీ లాగిన్ అయి చూసే ఓపిక నాకు లేదు. క్లస్టర్‌షెల్ పెట్టుకున్నాను. ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ సీఈఏలో పుట్టిన పైథాన్ పనిముట్టు ఇది, డెబియన్‌లో ప్యాకేజీగానే దొరుకుతుంది. అందులో క్లష్ అనే కమాండ్‌కి మైనస్ బి ఇస్తే, ఒకే జవాబు చెప్పిన నోడ్లన్నింటినీ ఒక గుంపుగా చూపిస్తుంది. ఆరు జవాబులు చదవక్కర్లేదు, ఎన్ని గుంపులొచ్చాయో చూస్తే చాలు. డిఫ్ ఆప్షన్ ఇస్తే తేడా ఉన్న లైన్లు మాత్రమే వస్తాయి. పీడీఎస్‌హెచ్, డీఎస్‌హెచ్‌బ్యాక్ జోడీ కూడా ఇదే పని చేస్తుంది. నాకు క్లష్‌లో గ్రూపులు రాసుకోవడం తేలికనిపించింది.

మొదట డీపీకేజీ-క్వెరీతో ప్యాకేజీల జాబితా, వెర్షన్లు తీయించాను. ఒకటే గుంపు. కెర్నల్ ఒకటే. హెచ్‌పీఎల్ ప్రోగ్రాం ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్‌లో ఉంది, అంటే అందరూ నడిపేది అదే ఫైలు. ప్రోగ్రాం ఏ లైబ్రరీలు వాడుతుందో చెప్పే ఎల్‌డీడీ వేసి చూస్తే, మాట్రిక్స్ లెక్కల లైబ్రరీ లిబ్‌బ్లాస్ దారి కూడా ఆరింటిలో అక్షరం తేడా లేకుండా ఒకటే. ఇక్కడికి హార్డ్‌వేర్ మీదికి అనుమానం పోవడం సహజం. కానీ డెబియన్‌లో లిబ్‌బ్లాస్ అనేది అసలు ఫైలు కాదు, ఒకే పని చేసే ప్యాకేజీల్లో ఏది వాడాలో ఎంచే ఆల్టర్నేటివ్స్ ద్వారా ఎటో చూపించే లింకు. రీడ్‌లింక్ మైనస్ ఎఫ్‌తో ఆ లింకు చివర ఎక్కడ తేలుతుందో అడిగాను. రెండు గుంపులొచ్చాయి. ఐదు నోడ్లలో అది ఓపెన్‌బ్లాస్-పీథ్రెడ్ ఫోల్డర్‌లో తేలింది, నాగావళిలో మాత్రం బ్లాస్ అనే ఫోల్డర్‌లో. అంటే రిఫరెన్స్ బ్లాస్. సరైన జవాబే ఇస్తుంది, కానీ ఆ సీపీయూలోని ఏవీఎక్స్2 (ఒకేసారి అనేక సంఖ్యలతో లెక్క చేసే సదుపాయం) కోసం చేత్తో మలిచిన కోడ్ అందులో ఉండదు. మాట్రిక్స్ గుణకారమే ప్రాణమైన హెచ్‌పీఎల్‌కి అది సరిపోదు.

రెండు ప్యాకేజీలూ ఆరింటిలోనూ ఉన్నాయి, అందుకే జాబితాలో తేడా రాలేదు. మామూలుగా ఆటోమేటిక్ మోడ్‌లో ప్రయారిటీ ఎక్కువున్న ఓపెన్‌బ్లాసే గెలుస్తుంది. నాగావళిలో అది మాన్యువల్ మోడ్‌లో ఉంది. ఆ డిస్కు మా తమ్ముడి ప్రాజెక్టు మెషీన్ నుంచి వచ్చింది, ఫోన్ చేశాను.

“ఒరే, బ్లాస్‌ని రిఫరెన్స్‌కి తిప్పి పెట్టావేంట్రా?”

“అప్పుడు మా సర్ అదే వాడమన్నారన్నా. జవాబులు పుస్తకంతో కలవాలని.”

న్యాయమే. అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌కి ఆటో అని చెప్పగానే ఆరు నోడ్ల స్పీడు ఐదు నోడ్లను దాటింది. పనిలో పని, ఓపెన్‌బ్లాస్ థ్రెడ్ల సంఖ్యను ఒకటికి కట్టేసే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అన్ని చోట్లా ఉందో లేదో కూడా చూసుకున్నాను. లేకపోతే నోడ్‌కి నాలుగు ఎంపీఐ ప్రాసెస్‌లు, ఒక్కోదానికి నాలుగు థ్రెడ్లు, నాలుగు కోర్ల మీద పదహారు మంది కొట్టుకుంటారు.

దీంతో చెకింగ్ స్క్రిప్టు రూపమే మారింది. ఏం ఇన్‌స్టాల్ అయిందని కాకుండా, ఇప్పుడు ఏం నడుస్తోందని అడగడం మొదలుపెట్టాను. కెర్నల్ సంగతే చూడండి. ప్యాకేజీ కొత్తదే ఉంటుంది, రీబూట్ చేయని నోడ్ మాత్రం పాత కెర్నల్ మీదే నడుస్తుంది. అందుకని డీపీకేజీ మాటతో పాటు, నడుస్తున్న కెర్నల్‌ని చెప్పే యూనేమ్ మాట కూడా తీసుకుంటున్నాను. లైబ్రరీలకూ ఇదే గతి: అప్‌డేట్ అయ్యాక కూడా పాత ప్రాసెస్ పాత ఫైలునే పట్టుకుని ఉంటుంది. ప్రాక్ ఫోల్డర్‌లోని మ్యాప్స్‌లో ఆ ఫైలు పక్కన డిలీటెడ్ అని కనిపిస్తుంది. నీడ్‌రీస్టార్ట్ అనే ప్యాకేజీ ఈ పని చక్కగా చేసిపెడుతుంది, నేను దాన్నే పిలుస్తున్నాను. మైక్రోకోడ్ (సీపీయూ లోపలి ఫర్మ్‌వేర్) కూడా అంతే, సీపీయూఇన్ఫోలో కనిపించే నంబరే లెక్క. డెబియన్ 12లో ఇంటెల్ మైక్రోకోడ్ నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగంలోకి వెళ్లింది. పెన్నలో సోర్సెస్ ఫైలులో ఆ విభాగం రాసి ఉన్నా, అప్‌డేట్ తర్వాత రీబూట్ కాలేదు. అందుకే దాని నంబరు విడిగా వచ్చింది.

స్లర్మ్ విషయంలో కొంత సాయం దానంతటదే దొరుకుతుంది. నోడ్‌లోని సెట్టింగుల ఫైలు స్లర్మ్.కాన్ఫ్, స్లర్మ్‌ని నడిపే కంట్రోలర్‌ది ఒకటి కాకపోతే కంట్రోలర్ లాగ్‌లో ఆ నోడ్ పేరుతో సహా ఎర్రర్ రాస్తుంది. దీన్ని నోరు మూయించడానికి ఒక డీబగ్ ఫ్లాగ్ ఉంది. నెట్‌లో చాలామంది సలహా కూడా అదే. నా మాట వింటే ఆ ఫ్లాగ్ జోలికి పోకండి.

నోడ్లు ఒకదాన్నొకటి నమ్మడానికి స్లర్మ్ వాడే మంజ్ దగ్గర మూడు సంగతులు చూస్తున్నాను: కీ ఫైలు హాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య), దాని పర్మిషన్లు, గడియారం. మంజ్ ఇచ్చే క్రెడెన్షియల్ (గుర్తింపు చీటీ) ఆయుష్షు మామూలుగా 300 సెకన్లు. గడియారాల తేడా అంతకు మించితే కీ ఒకటే అయినా ఎక్స్‌పైర్డ్ (గడువు దాటింది) అనో రివౌండ్ (ఇంకా రాని సమయానిది) అనో తిప్పికొడుతుంది. కృష్ణలో మదర్‌బోర్డు గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయి వస్తే అది పాత సంవత్సరంలో లేస్తుంది. నెట్‌వర్క్ నుంచి సమయం సరిచేసే క్రోనీ సర్దేలోపే స్లర్మ్ లేచి కూర్చుంటే నోడ్ డౌన్. పరిష్కారం సీఆర్2032 బిళ్ల, వాచీల కొట్టులో దొరుకుతుంది. ఆ పైన స్లర్మ్ సర్వీసు క్రోనీ సింక్ అయ్యేదాకా ఆగేలా సర్వీసులను లేపే సిస్టమ్‌డీలో ఒక డ్రాప్-ఇన్ (అదనపు సెట్టింగు ఫైలు) రాశాను.

నన్ను బాగా తిప్పలు పెట్టింది మాత్రం ఒక ఉత్తుత్తి తేడా. సెట్టింగులుండే ఈటీసీలోని కొన్ని ఫోల్డర్లకు ఫైండ్, సార్ట్, షా256సమ్ గొలుసుగా వేసి ఒకే హాష్ తీస్తున్నాను. వంశధార రోజూ విడిగా వస్తోంది. ఫైలు ఫైలుగా పోలిస్తే అన్నీ ఒకటే! అందులో లొకేల్ (భాషను బట్టి అక్షరాల వరుస లాంటివి నిర్ణయించే సెట్టింగు) తెలుగు. టెర్మినల్‌లో తెలుగు ఎలా కనిపిస్తుందో చూద్దామని టీఈ_ఐఎన్ పెట్టి ఉంచాను. సార్ట్ ఆ లొకేల్ వరుస ప్రకారం పేర్లు పేరుస్తుంది. పెద్దక్షరాలు, చుక్కలు, గీతలు ఉన్న పేర్ల దగ్గర సీ లొకేల్‌తో వరుస కలవదు. వరుస మారితే మొత్తం హాష్ మారిపోతుంది. స్క్రిప్టు మొదట్లో ఎల్‌సీ_ఆల్‌ని సీ అని కట్టేశాక సద్దుమణిగింది. వంశధారలో తెలుగు అలాగే ఉంచాను.

ఇంకో జాబితా ఉంది, దానిలో లెక్క తిరగబడుతుంది. మెషీన్ ఐడీ, ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు, హోస్ట్ పేరు ఒకటి కాకూడదు. డీడీ కమాండ్‌తో డిస్కు క్లోన్ చేస్తే ఇవన్నీ కవలలై పుడతాయి. సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ ఐపీ అడిగేటప్పుడు చూపే తన డీహెచ్‌సీపీ గుర్తింపును మెషీన్ ఐడీ నుంచే తయారుచేస్తుంది కాబట్టి, రెండు నోడ్లు ఒకే ఐపీ కోసం పోట్లాడుకుంటాయి. ఇక్కడ క్లష్ మైనస్ బి ఆరు గుంపులు చూపిస్తేనే పాస్. స్క్రిప్టులో ఈ రెండు రకాలకూ రెండు ఫైళ్లు పెట్టాను, ఏ కమాండ్ ఏ ఫైలులో ఉందో దాన్నిబట్టి తీర్పు.

గుంపుల పద్ధతికి ఒక లోపం ఉంది. ఎక్కువ నోడ్లు ఉన్న గుంపే సరైనదని అనిపిస్తుంది. ఐదూ తప్పై ఒక్కటే సరైనదైనా స్క్రిప్టు ఆ ఒక్కదాన్నే తప్పుపడుతుంది. అందుకని ఉండాల్సిన విలువలు గిట్‌లో రాసి పెట్టుకుంటున్నాను. సెట్టింగులు అమర్చే పనిముట్టు యాన్సిబుల్, ఏదీ మార్చకుండా తేడాలే చూపే చెక్, డిఫ్ మోడ్‌లో రోజూ రాత్రి దానితో పోలుస్తుంది. యాన్సిబుల్‌కి చెప్పినదే తెలుసు; కమాండ్, షెల్ మాడ్యూళ్లను చెక్ మోడ్‌లో మామూలుగా దాటేస్తుంది కూడా. ఆల్టర్నేటివ్స్ గురించి దానికి ఎవరూ చెప్పి ఉండరు, క్లష్ అయితే సరైన విలువేదో ముందే చెప్పకపోయినా తేడా చూపించింది. రెండూ ఉండాల్సిందే.

ఇకపై చేయాల్సినవి: బయాస్ సెట్టింగులు ఇంకా చేత్తోనే చూస్తున్నాను, టర్బో అన్నింటిలో ఆన్‌లో ఉందో లేదో ఇంటెల్ పీ-స్టేట్ ఫోల్డర్‌లోని నో_టర్బో ఫైలుతో చదివించాలి. స్లర్మ్ 20.02 నుంచి ఉన్న కాన్ఫిగ్‌లెస్ పద్ధతికి మారితే కంట్రోలరే కాన్ఫిగ్ పంచుతుంది, స్లర్మ్.కాన్ఫ్ లైను స్క్రిప్టులోంచి తీసేయొచ్చు. వచ్చే ఆదివారం కరెంటు ఉంటే ముందు వంశధార మీద ఒక్కదాని మీదే చేసి చూస్తాను.