నోట్లో ఫంగస్, పిన్ని చెప్పిన వెల్లుల్లి

ఉబ్బసానికి నేను స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడతాను. పోయిన వానాకాలంలో ఆయాసం ఎక్కువైతే డోసు పెంచారు. కొన్నాళ్లకు నాలుక మీద తెల్లటి పొర మొదలైంది. పాచి అనుకుని గీకితే పోలేదు. బుగ్గల లోపలికీ, అంగిటికీ పాకింది. దూదితో గట్టిగా తుడిస్తే విరిగిన పాలలా తునకలు తునకలుగా ఊడొచ్చి, అడుగున ఎర్రటి చర్మం, కాస్త నెత్తురు కనిపించేవి. చారన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా కళ్లలో నీళ్లు తిరిగేవి.

డాక్టరుగారు టార్చి వేసి చూసి, కాండిడా అన్నారు. చాలామంది నోట్లో, పేగుల్లో మామూలుగానే ఉండే ఈస్టు, అంటే ఒక రకం ఫంగస్, అది. స్టెరాయిడ్ మందు నోట్లో మిగిలిపోతే అక్కడ రోగనిరోధక శక్తి తగ్గి, అది పెచ్చుమీరుతుంది. ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలట. అంతవరకూ ఆ ఒక్క మాట నాకు ఎవరూ చెప్పలేదు. మందు రాసినప్పుడు చెప్పి ఉండాల్సింది, దాని గురించి నాకు ఇప్పటికీ బాధే. షుగర్ కూడా చూశారు, నార్మల్. ఫంగస్‌కు క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్, అంటే నోట్లో వేసుకునే చుక్కల మందు, రాశారు.

ఇంటికొచ్చేసరికి పిన్ని వెల్లుల్లి ఒలుస్తోంది. "దంచి తేనెలో కలిపి ఆ పుండ్ల మీద రాయవే, దెబ్బకి పోతుంది" అంది.

పిన్నిది ఉత్త నమ్మకం కాదు. రెబ్బ నలిగితేనే అందులోని అల్లీన్ అనే పదార్థం, అల్లినేజ్ అనే ఎంజైమ్ కలిసి అల్లిసిన్ పుడుతుంది. ఆ ఘాటు దానిదే. 1944లో అమెరికాలో కావలిటో, బెయిలీ అనే శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేశారు. అల్లిసిన్, దాన్నుంచి వచ్చే అజోయిన్ ల్యాబ్‌లో కాండిడాను పెరగనివ్వవు. ఈస్టు ఎంజైముల్లో గంధకం ఉన్న చోట్లను అల్లిసిన్ పట్టేసి, వాటిని పనిచేయనివ్వదు.

కానీ అలాంటి చోట్లు మన కణాల్లోనూ ఉన్నాయి. పచ్చి వెల్లుల్లి కట్టు కట్టుకుని చర్మం కాలి బొబ్బలెక్కినవాళ్లు ఉన్నారు. నా నోరు అప్పటికే పచ్చిపుండు. "రాయొద్దన్నారు పిన్నీ" అన్నాను ఫోన్లో డాక్టరుగారిని అడిగాక. పోనీ తింటే? పోపులో వేగాక ఆ ఎంజైమ్ మిగలదు, ఇక అల్లిసిన్ పుట్టదు. 2014లో మెల్‌బోర్న్ పరిశోధకులు స్త్రీలకు రెండు వారాలు వెల్లుల్లి మాత్రలిచ్చి చూస్తే, యోనిలో కాండిడా తగ్గిందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. నోటి సంగతి వేరే అయినా, అది చదివాక మౌత్ పెయింట్ మీదే నిలబడ్డాను.

తిన్నాక చుక్కలు వేసుకుని, నాలుకతో అటూ ఇటూ పులిమి, కాసేపు మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండేదాన్ని. ఈస్టు పైపొరకు కావాల్సిన ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థాన్ని ఆ మందు తయారుకానివ్వదు. ముందు మంట తగ్గింది, తర్వాత అంగిలి శుభ్రపడింది. పొర పోయినా కోర్సు మధ్యలో ఆపొద్దన్నారు, ఆపలేదు. ఇప్పుడు ఇన్‌హేలర్‌కు స్పేసర్ (మందు నోట్లో తక్కువ మిగిలేలా మధ్యలో పెట్టే గొట్టం) తగిలించి వాడుతున్నాను, వెంటనే పుక్కిలిస్తున్నాను. తెల్లపొర మళ్లీ రాలేదు. పిన్ని వెల్లుల్లి కారం ఇడ్లీలోకి హాయిగా తింటున్నాను.