గ్యాస్ కట్టేసిన వీడియో

"కట్టేశాను కదరా?" అని అమ్మ ఐదోసారి అడిగేసరికి మా ఆటో వీధి మలుపు కూడా దాటలేదు.

ఫోన్ తీసి చూపించాను. పోయిన నెల నాకే తట్టిన ఉపాయం ఇది. బయల్దేరే ముందు గ్యాస్ రెగ్యులేటర్‌ని వీడియో తీయడం. 11 సెకన్లు. నాబ్ మీద అమ్మ వేలు, వెనకాల బోర్లించిన కుక్కర్ మూత. అంతే.

విశాఖలో రైలెక్కాక తుని వచ్చేలోపు 14 సార్లు చూసింది. ఆఖరికి మెల్లగా అడిగింది: "ఇది ఇవాళ్టిదేనా?"

నా తెలివంతా అక్కడే దిగిపోయింది. రోగానికి మందనుకుని మేత వేశాను.

మా ఇంట్లో దీని పేరు చాదస్తం. నాన్నయితే "మీ అమ్మకి జాగ్రత్త ఎక్కువ" అంటారు, కొంచెం గర్వంగా కూడా. ఓసీడీ (వద్దన్నా వచ్చే అనుమానాలతో పదేపదే సరిచూసుకునేలా చేసే మానసిక సమస్య) అన్న మాట నేను ఒక్కసారే అన్నాను. "నాకేం పిచ్చా?" అని రెండ్రోజులు మాట్లాడలేదు.

భరోసా ఇచ్చేకొద్దీ అనుమానం బలుస్తుందని, చెక్ చేయకుండా ఆ గుబులుని కొద్దికొద్దిగా ఓర్చుకోవడం నేర్పడమే చికిత్స అని చదివాను. చదవడం తేలిక. ఎదురుగా అమ్మ మొహం ఉంటుంది కదా.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 సేవ్ చేసుకున్నాను. తెలుగులో మాట్లాడతారట. ముందు నాకోసమే.

రాజమండ్రి దాటాక మళ్లీ చెయ్యి చాపింది. "ముందు గోదారి చూడమ్మా" అన్నాను. చూసింది. దణ్ణం పెట్టి రూపాయి బిళ్ల వేసింది.

కొవ్వూరులో ఫోన్ అడిగింది. ఇచ్చేశాను.