బందరు కోట బురదలో

బందరు కోట అనగానే బురుజులు, అగడ్తలు ఊహించుకుని వెళ్తే నిరాశే. ఊళ్ళోంచి గిలకలదిండి వైపు పోతుంటే ఉప్పునేల మధ్య పాత ఇటుక కట్టడాలు కొన్ని, మొండిగోడలు. అయినా బందరులో నాకు బాగా నచ్చింది ఈ చోటే. 1759 ఏప్రిల్‌లో ఇక్కడేం జరిగిందో ఈ బురద చూస్తేనే తెలుస్తుంది.

అప్పుడు కోట ఫ్రెంచివాళ్ళది. బయట దిగిన ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్‌కి అన్నీ కష్టాలే. డబ్బులందక సొంత తెల్ల సైనికులే ఎదురు తిరిగారు, మందుగుండు అయిపోవస్తోంది, వెనక నుంచి హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ సేన వస్తోంది. తోడున్నది విజయనగరం రాజు ఆనందరాజు. ఇక తెగించి 7వ తేదీ రాత్రి కోట మీద పడ్డారు. ఎవరూ దాటలేరని ఫ్రెంచివాళ్ళు ధీమాగా వదిలేసిన నైరుతి ఊబిలోంచి ఒక జట్టు వెళ్ళి కాల్పులు మొదలెట్టింది. లోపలివాళ్ళ దృష్టి అటు మళ్ళగానే అసలు దాడి ఈశాన్యం బురుజు మీద! తెల్లారేసరికి కోట చేతులు మారింది. లొంగిపోయినవాళ్ళు పట్టుకున్నవాళ్ళకంటే ఎక్కువమంది. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఆ పొద్దున మొహం ఎక్కడ పెట్టుకున్నాడో!

రోడ్డు దిగి నాలుగడుగులు వేశాను. పైన తెల్లగా ఉప్పు పొర, కింద నల్లటి బంకమట్టి. చెప్పు దిగబడి ఊడొచ్చింది.

"అటెళ్ళకండి బాబూ, మోకాలిదాకా దిగుద్ది. గట్టు మీదే నడవండి," అని కేకేశాడు గేదెలు కాస్తున్న పెద్దాయన.

1864 ఉప్పెన గురించి కదిపాను. నవంబరు 1 రాత్రి సముద్రం ఊరి మీద పడితే సుమారు 30,000 మంది పోయారు. ఆయన మాత్రం దివిసీమ ఉప్పెన అందుకున్నాడు. "అదంతా నాకెరికలేదు గానీ, డెబ్భయ్యేడులో మావాళ్ళు దివిలో ఉండేవోళ్ళండి..." అని మొదలెట్టి, గేదె చేలో పడబోతుంటే కర్ర పుచ్చుకుని పరుగెత్తాడు.

తర్వాత డచ్చివాళ్ళ సమాధులు. రాతి పలకల మీద అక్షరాలు లోపలికి తొలిచినవి కావు, చుట్టూ రాయి చెక్కేసి పైకి తేల్చినవి. మూడొందల ఏళ్ళు దాటినా వేలికి స్పష్టంగా తగులుతాయి. అంత ఓపిక మన దేవాలయాల శిల్పులకే ఉంటుందనుకునేవాణ్ణి.

జాతీయ కళాశాలను బయటినుంచే చూశాను. 1910లో దాన్ని నిలబెట్టినవాళ్ళలో ఒకరైన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారే 1923లో ఇదే ఊళ్ళో లక్ష రూపాయల మూలధనంతో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. వృత్తికి డాక్టరు మరి! 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

కోనేరు సెంటర్లో తొక్కుడు లడ్డు కొన్నాను. "బెల్లందా, పంచదారదా అండీ?" అన్నాడు కొట్టతను. బెల్లందే అన్నాను. బెజవాడ బస్సు పామర్రు దాటకముందే సగం డబ్బా ఖాళీ.